నియమాలు ఎక్కడివని అడిగిన మా వదిన

మా వదిన పోయిందని అన్నయ్య ఫోన్ చేసేసరికి నేను టెక్సస్‌లో, ఫ్రిస్కోలో, నాలుగేళ్ల మా అబ్బాయిని స్కూల్ దగ్గర దింపడానికి కార్ల వరసలో ఉన్నాను. "పొద్దున పోయిందమ్మా. నిద్రలోనే. నొప్పి తెలిసి ఉండదని నర్సు అంది," అన్నాడు. ఆ తర్వాత, ఫ్లైట్ టికెట్ దొరుకుతుందా అని అడిగాడు. దొరుకుతుందన్నాను. ముందున్న కారు ఎప్పుడో కదిలిపోయింది. వెనకవాళ్లు హారన్ కొట్టకుండా ఆగి ఉన్నారు. టీచర్ వచ్చి డోర్ తీస్తే మా వాడు బై చెప్పి, లోపలికి వెళ్లిపోయాడు. ఇంకో వారం ఆగి మళ్లీ వెళదామనుకుని నేను వదిన దగ్గర నుంచి తిరిగి వచ్చింది అంతకు నాలుగు రోజుల ముందే.

మిషిగన్‌లో నోవై చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్లలో చాలామందికి ఆమె తెలుసు. ఫలానా ఇంజనీరు గారి భార్యగా, ఒక అమ్మాయి తల్లిగా, తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌కి పులిహోర తెచ్చి ఓ మూల కూర్చుని వెళ్లిపోయే ఆవిడగా తెలుసు. ఆ మూల కూర్చుని ఆమె ఏం ఆలోచించేదో తెలిసినవాళ్లం ముగ్గురో నలుగురో. అందులో ఒకాయన ఇప్పుడు లేడు. మిగిలినవాళ్లలో రాసే అలవాటున్నది నాకొక్కదానికే కాబట్టి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

పెళ్లికి ముందు వదిన హైదరాబాద్‌లో గణిత భౌతికశాస్త్రంలో పరిశోధన చేస్తుండేది. సగంలో ఉండగా పెళ్లయింది. మిగతా సగం అమెరికాలో పూర్తి చేయవచ్చునని అందరూ అన్నారు, ఆమె కూడా నమ్మింది. వచ్చింది డిపెండెంట్ వీసా మీద. చదువుకోవచ్చు, ఉద్యోగం చేయకూడదు. దగ్గర్లోని యూనివర్సిటీ సీటు ఇస్తానంది. కానీ ఆ వీసా మీద ఫీజు మాఫీ చేసి జీతమిచ్చే అసిస్టెంట్‌షిప్ తీసుకోవడానికి లేదు, అది లేకుండా ఫీజు కట్టడం అన్నయ్య జీతానికి అయ్యే పని కాదు. స్టూడెంట్ వీసాకి మారదామంటే, గ్రీన్ కార్డ్ దారిలో ఉన్నప్పుడు చిక్కులొస్తాయని లాయర్ వద్దన్నాడు. ఈలోగా పాప పుట్టింది. కార్డు వచ్చాక చూద్దాం అనుకున్నారు. ఆ కార్డు రాలేదు.

నేను ఎమ్మెస్ చదవడానికి 2003 ఆగస్టులో డెట్రాయిట్ వచ్చి, మొదటి రెండేళ్లు వాళ్లింట్లోనే ఉన్నాను. దిగిన వారంలోనే మా ఊళ్లూ పక్క రాష్ట్రాలూ అన్నీ కలిపి ఒకేసారి కరెంటు పోయింది. అమెరికాలో కరెంటు పోతుందని నాకప్పటిదాకా తెలియదు. సాయంత్రం వదిన దేవుడి అలమరలోంచి దీపం తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టింది. పాపని భుజాన వేసుకుని నిలబడి, ఒక తెల్ల కాగితాన్ని దీపానికి దగ్గరగా పట్టుకోమంది. తర్వాత రెండింతల దూరం జరగమంది. కాగితం బాగా మసకబారింది.

దూరం రెండింతలైతే వెలుగు నాలుగో వంతు అవుతుందని స్కూల్లోనే చదివానన్నాను. ఎందుకు అని అడిగింది. సూత్రం అంతే కదా అన్నాను. ఆమె ఇంట్లో "అంతే కదా" అన్నవాళ్లెవరూ తప్పించుకునేవాళ్లు కాదు.

"ఎందుకంతే?" అంది. "దీపం నుంచి బయల్దేరిన వెలుగు అన్ని వైపులా ఒక బంతిలాగా పెరుగుతూ పోతుంది. బంతి రెండింతలైతే దాని పైతోలు నాలుగింతలవుతుంది. అదే వెలుగు నాలుగింతల తోలు మీద పరుచుకోవాలి. అంతకన్నా ఏమీ లేదు. చోటు ఇలా ఉంది కాబట్టి దీపం ఇంకోలా మసకబారడం కుదరదు. ఎవరూ దానికి రూల్ పెట్టక్కర్లేదు."

భూమి చంద్రుణ్ణి లాగే బలం కూడా దూరంతో ఇలాగే తగ్గుతుందని చెప్పింది. అలాగైతే ప్రకృతి నియమాలన్నీ లెక్కలోంచే పుడతాయా అని నేను ఊరికే, మాట వరసకి అడిగాను. పాపని ఇంకో భుజానికి మార్చుకుని, తను తెలుసుకోవాలనుకుంటున్నది సరిగ్గా అదేనంది. నియమాలు ముందే ఎక్కడో ఉండి ప్రపంచం వాటిని పాటిస్తోందా, లేక లెక్క ప్రకారం మరోలా ఉండటానికి వీల్లేక ప్రపంచం ఇలా ఉందా. రెండోదే నిజమైతే ఎంత బాగుంటుందో అంది. ఆ దీపపు వెలుగులో ఆమె ముఖం నాకు గుర్తుంది. అంత సంతోషంగా ఆమెను చాలా తక్కువసార్లు చూశాను.

ఆ చలికాలంలో ఫ్లూయిడ్ మెకానిక్స్ పరీక్షలో ఫెయిలయ్యాను. తిరిగి ఇండియా వెళ్లిపోతానని బట్టలు సర్దుతుంటే వదిన వచ్చి నా పక్కన కూర్చుంది. పుస్తకం మూసేయమని, నీళ్లంటే ఏమిటో నీ మాటల్లో చెప్పు అంది. అక్కడి నుంచి మొదలుపెట్టి, నెల తిరిగేసరికి ఆ పుస్తకమంతా మళ్లీ నాతో కట్టించింది. ఎవరో చెప్పింది అడక్కుండా మింగడం నాకు చేతకావడం లేదని, అది మంచి లక్షణమేనని అంది. ఈరోజు నేను ఇంజనీరుగా బతుకుతున్నానంటే ఆ నెల వల్లే.

మా అన్నయ్యది ట్రాయ్‌లో ఉద్యోగం. కార్లు గుద్దుకుంటే ఎలా నలుగుతాయో ముందుగానే కంప్యూటర్‌లో చూసే పని. మీ కంప్యూటర్‌లో కారూ, బయట నిజం కారూ ఒకేలా ఎందుకు నలుగుతాయని వదిన ఒకసారి అన్నం వడ్డిస్తూ అడిగింది. కారుని చిన్న చిన్న గడులుగా విడగొట్టే మెష్ బాగా చేశాను కాబట్టి అన్నాడు అన్నయ్య. వదిన గరిటె పట్టుకుని చాలాసేపు నవ్వింది. అన్నయ్యకి ఆమె అంటే ప్రాణం, ఆమె ప్రశ్న మాత్రం ఆయనకి ప్రశ్నలా కనిపించేది కాదు. పనిచేస్తోంది కదా, ఇంకేం కావాలి అనేవాడు.

అప్పట్లో సీటు ఇస్తానన్న యూనివర్సిటీలో వారం వారం సెమినార్లు జరుగుతాయని, ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చని వదిన ఎక్కడో చదివింది. అరగంట దూరం. దానికోసమే డ్రైవింగ్ నేర్చుకుంది. హైవే అంటే ఆమెకి చచ్చేంత భయం, స్టీరింగ్‌ని రెండు చేతులతో బిగించి పట్టుకుని మంచులో ట్రక్కుల పక్కనుంచి వెళ్లేది. ఆ మధ్యాహ్నాలు పాప నా దగ్గర ఉండేది. మొదట్లో తలుపు పక్క కుర్చీలో కూర్చుని, అయిపోగానే లేచి వచ్చేసేది. ఒకరోజు ఉండబట్టలేక ప్రశ్న అడిగిందట. మాట్లాడుతున్నాయన దాని గురించి ఆలోచించలేదన్నాడట. తర్వాత కాఫీ దగ్గర ఒక పెద్దాయన, అక్కడి ప్రొఫెసర్, వచ్చి మీరేం చేస్తుంటారని అడిగాడు.

"ఐయామ్ ఎ డిపెండెంట్ అన్నానే," అని ఇంటికొచ్చి నాతో చెప్పింది వదిన. "ఆయన నవ్వి, ఏ వేరియబుల్ మీద అన్నాడు. లెక్కల జోక్ అనుకున్నాడు పాపం. నేను కూడా నవ్వేశాను."

ఆ ప్రొఫెసర్ మంచివాడు. ఆమె దగ్గర ఏ డిగ్రీ ఉందని అడగలేదు. ఏం ఆలోచిస్తున్నావో రాయమన్నాడు. కొన్నేళ్లపాటు ఆమె రాస్తూనే ఉంది. అంట్లు తోముతున్నప్పుడు ఆలోచించేది. డిష్‌వాషర్ ఉన్నా వాడేది కాదు. చేతుల మీద నీళ్లు పడుతుంటే ఆలోచన తెగదని అనేది. వంటింటి కౌంటర్ మీద గ్రోసరీ షాపు కాగితాల వెనక వైపంతా సమీకరణాలే. చోటూ కాలమూ పదార్థమూ ఏదీ ముందుగా ఉందనుకోకుండా, తర్కానికి తప్పనిసరి అయిన నాలుగు మాటలతో మొదలుపెట్టి, అక్కడి నుంచి చలన నియమాలు తమంతట తాము వచ్చేలా చేయాలని ఆమె ప్రయత్నం. అది నిలబడితే, ఈ నియమాలను ఎవరు పెట్టారని అడగాల్సిన పనే ఉండదు.

2009 మొదట్లో మా ప్రాంతంలో కార్ల కంపెనీలు కుదేలైనప్పుడు అన్నయ్య ఉద్యోగం పోయింది. అంతకు రెండేళ్ల కిందట చాలామందికి గ్రీన్ కార్డ్ తలుపు కాస్త తెరుచుకున్నప్పుడు ఆయన పేపర్లు ఇంకా మొదటి మెట్టు దగ్గరే ఉండిపోయాయి. ఇప్పుడు అవి కూడా పోయాయి. ఇల్లు ఖాళీ చేసి ఇండియా వెళ్లిపోవడానికి అట్టపెట్టెలు తెచ్చి గరాజ్‌లో పెట్టుకున్నారు. ఆఖరి నిమిషంలో ఒక కాంట్రాక్ట్ కంపెనీ తీసుకుంది. కొత్త కంపెనీ, కొత్త అప్లికేషన్, మళ్లీ క్యూ చివరికి. ఆ గొడవ మధ్యలోనే వదిన పని పూర్తయింది. ప్రొఫెసర్ చదివి, సెమినార్‌లో ఆమెనే మాట్లాడమన్నాడు. నోటీస్ బోర్డు మీద మిగతావాళ్ల పేర్ల కింద యూనివర్సిటీల పేర్లు ఉంటే, ఈమె పేరు కింద ఏం రాయాలో తెలియక ఆయన 'నోవై' అని రాశాడు.

ఆ వారం శనివారం వదిన నన్ను ఇంటికి రమ్మంది. నేనప్పటికి ట్రాయ్‌లో ఉద్యోగం చేస్తూ వేరే ఉంటున్నాను. వెళ్లేసరికి పప్పు పోపు పెడుతోంది. స్టవ్ కట్టేసి, తప్పు దొరికిందంది. ఎవరు పట్టుకున్నారని అడిగాను. తనే అంది.

"మొదటి పేజీలో ఒక చోట 'తర్వాత' అని రాశాను. ఒక మెట్టు తర్వాత ఇంకో మెట్టు అని. తర్వాత అంటే ఏమిటి? కాలమే కదా. అది లోపల పెట్టేస్తే మిగతావన్నీ వచ్చేస్తాయి, రాక ఎక్కడికి పోతాయి. ఈ పప్పులో ఉప్పు నేనే వేసి, చూశారా కందిపప్పులోంచి ఉప్పు పుట్టింది అని అందరికీ చెప్పబోయాను."

ఆ మాట తీసేసి రాయలేమా అని అడిగాను.

"తీసేసి చూశాను. ఏమీ రాదు. ఒట్టి లెక్క మిగులుతుంది. తప్పేమీ లేని లెక్క. అందులో ఏ ప్రపంచమూ లేదు."

ప్రసంగం మానేస్తానని చెప్పమన్నాను. ఆయన బోర్డు మీద పేరు పెట్టాడు, వెళ్లి చెప్పాలి అంది. గిన్నెలోని పప్పు నాకు వడ్డించి, తను తినకుండా ఎదురుగా కూర్చుంది.

ఆరోజు ఆమెను నేనే తీసుకెళ్లాను. మెరూన్ రంగు చుడీదార్, మీద నల్ల కోటు, కాళ్లకి మంచు బూట్లు. గదిలో పదిమందికి కాస్త ఎక్కువ ఉంటారు. మొదటి సగం తన పద్ధతంతా బోర్డు మీద చేసుకుంటూ పోయింది. నియమం వచ్చింది. వెనక కూర్చున్న ఇద్దరు కుర్రాళ్లు ముందుకు వంగారు. అప్పుడు ఆమె బోర్డు మొదటికి వెళ్లి, ఒక పంక్తిని డస్టర్‌తో చెరిపేసి, దీన్ని తీసుకునే హక్కు నాకు లేదు అంది. దాని మీద ఆధారపడినవన్నీ ఒక్కొక్కటిగా చెరుపుతూ వచ్చింది. చివరికి బోర్డు మీద పనికొచ్చేది ఏమీ మిగల్లేదు. ఒకతను, ఇంకాస్త బలహీనమైన షరతు పెడితే సరిపోతుందేమో అన్నాడు. ప్రయత్నించానని, ఎక్కడ విరుగుతుందో చూపించింది. ప్రొఫెసర్ లేచి, తమ తప్పు తామే వెతికి పట్టుకునేంత జాగ్రత్తగా మనలో చాలామంది పనిచేయరన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

తిరిగి వస్తూ నోవై ఎగ్జిట్ దిగాం. అక్కడ సిగ్నల్ దగ్గర అంది: "నన్ను ఓదార్చారే వాళ్లు. నేనే పొరబడ్డానని, అసలు దారి ఇంకోటి ఉందని ఎవరైనా అంటారేమో అనుకుని వెళ్లాను."

మరుసటేడు ప్రొఫెసర్ రిటైరై, కూతురి దగ్గర ఉండటానికి అరిజోనా వెళ్లిపోయాడు. కొన్నాళ్లు ఈమెయిల్స్ నడిచాయి. తర్వాత ఆయన జవాబులు చిన్నవై, ఆగిపోయాయి. పోయాడని ఎప్పటికో తెలిసింది. వదిన సెమినార్లకి వెళ్లడం మానేసింది. నాకు పెళ్లయి టెక్సస్ వచ్చేశాను. ఫోన్ చేసినప్పుడల్లా పాప చదువు గురించి, మంచు గురించి, వీసా స్టాంపింగ్ గురించి మాట్లాడేది. అడిగితే తప్ప తన ఆలోచనల ఊసు ఎత్తేది కాదు. ఒకసారి గట్టిగా అడిగితే ఇలా అంది: "లెక్క మనం పెట్టిందే మనకి తిరిగిస్తుంది. చాలా నిజాయితీగా ఇస్తుంది. మొదట పెట్టింది ఎవరో, ఎందుకో చెప్పదు. దానికి తెలీదు." మరి దీపం సంగతేమిటని అడిగాను. "చోటు అలా ఉంది కాబట్టి నియమం అలా ఉందన్నాను. కానీ చోటు అలా ఎందుకుందో నేను చెప్పలేదు కదా," అంది.

ఒక పాట్‌లక్‌లో ఎవరో అంకుల్ ఈ సంగతి విని, అదేనండీ దేవుడంటే అన్నారు. వదిన మర్యాదగా, ఆ మాట అనుకున్నాక కూడా తన ప్రశ్న అలాగే ఉందండీ అని, ఆయన ప్లేట్లో ఇంకాస్త పులిహోర వేసింది. తనకి దొరక్కపోయినా ఎవరికో ఒకరికి ఎప్పుడో దొరుకుతుంది కదా అని నేను ఫోన్లో ధైర్యం చెప్పబోయాను. దొరకవచ్చు, దొరక్కపోవచ్చు, అసలు మన బుర్రకి అందే చోట ఆ జవాబు లేకపోవచ్చు అంది. అందులో బాధ వినిపించలేదు. వంటింట్లో నీళ్ల చప్పుడు వినిపించింది.

కిందటేడు ఆకులు రాలే కాలంలో ఆమెకి పాంక్రియాస్ కాన్సర్ అని తేలింది. అప్పటికే లివర్‌కి పాకింది. ఇలాంటివాళ్లలో ఎంతమంది ఎన్నాళ్లు బతుకుతారో తెలిపే గ్రాఫ్ ఒకటి డాక్టరు చూపించి ఏదో చెప్పబోతే, కాగితం ఇటివ్వమని అడిగి తీసుకుందట. పైనుంచి కిందికి వంగే గీత. దాన్ని శ్రద్ధగా చూసి, అన్నయ్య చేతికిచ్చింది. నేను వెళ్లినప్పుడు ఆ సంగతి చెబుతూ, గీత చాలా నున్నగా ఉంది, దానికి నేనెవరో తెలీదు అంది.

ఫిబ్రవరిలో నేను రెండోసారి వెళ్లాను. హాస్పిటల్ మంచం తెచ్చి ఇంట్లో ముందు గదిలోనే వేశారు. ఒక మధ్యాహ్నం అన్నయ్య లాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. గ్రీన్ కార్డ్ క్యూలో ఉన్నవాళ్ల డిపెండెంట్లు ఇకనుంచి ఉద్యోగం చేసుకోవచ్చని ప్రభుత్వం ప్రకటించింది.

"ఇప్పుడు నువ్వు వర్క్ చెయ్యొచ్చు. మే నుంచి అప్లై చెయ్యొచ్చట," అన్నాడు.

వదిన ఆయన ముఖం చూసి, మంచిదండీ అంది. ఆయన చేతిని తన చేతిలోకి తీసుకుంది. అన్నయ్య లాప్‌టాప్ మూసి, కిచెన్‌లోకి వెళ్లి, అక్కడే చాలాసేపు ఉండిపోయాడు.

"పాపం, ఈ మాట నాకు చెప్పాలని ఎన్నేళ్ల నుంచి కాచుకున్నారో," అంది వదిన నాతో.

నేను టెక్సస్ తిరిగి వచ్చే ముందురోజు నా మేనకోడలు తల్లి మంచం చివర కూర్చుని ఉంది. మిడిల్ స్కూల్ పిల్ల. తల్లి ఏదో పెద్ద ప్రశ్న గురించి ఆలోచిస్తుందని మాత్రం దానికి తెలుసు.

"మమ్మీ, నీ క్వశ్చన్‌కి ఆన్సర్ దొరికిందా?" అని అడిగింది.

"లేదు నాన్నా."

"ఐ విల్ ఫైండ్ ఇట్. నేను మాథ్ చేస్తా."

వదిన కళ్లు మూసుకుని ఊపిరి కూడదీసుకుంది. "నీకు ఇష్టమైతే చెయ్యి. నా కోసం వద్దు," అంది. తల్లి ఇంకేదైనా చెబుతుందేమోనని పిల్ల ఎదురు చూసింది. వదిన నిద్రపోయింది. నేను విన్న ఆమె ఆఖరి మాట అదే.

ఆమె గురించి ఇంత రాసి, చివరికి ఒక మంచి మాట చెప్పాలని నాకూ ఉంది. వెతికితే దొరకలేదు. ఆమె పని అచ్చు కాలేదు, కావాలని ఆమే అనుకోలేదు. ఆమె అడిగిన ప్రశ్నకి జవాబు రాలేదు. ఆమె చేయగలిగిన పని ఆమెతో ఎవరూ చేయించుకోలేదు. నాకు మాత్రం ఆమె అడగడం నేర్పింది. దాన్ని ఏం చేసుకోవాలో నాకు తెలియకపోయినా, నేను ఆమెకి రుణపడే ఉంటాను.

దహనమైన నాలుగో రోజు ఆదివారం. అస్థికలు పెద్ద నీళ్లలో కలపాలని అన్నయ్య పట్టుబట్టాడు. ముగ్గురం హ్యూరన్ సరస్సుకి డ్రైవ్ చేసుకుంటూ వెళ్లాం. దిగి చూస్తే ఒడ్డు ఎక్కడ ముగిసిందో, సరస్సు ఎక్కడ మొదలైందో తెలియలేదు. కనుచూపు మేర గడ్డకట్టి ఉంది. ఇంకో నెల ఆగుదామా అన్నాను. అన్నయ్య వినిపించుకోలేదు. ఐస్ మీద నడుచుకుంటూ వెళ్తుంటే భయమేసి ఆపమని అరిచాను. ఆగాడు. అక్కడే వంగి పెట్టె తెరిచి వంచాడు. గాలికి కొంత వెనక్కి ఎగిరి ఆయన కోటు మీద పడింది. దులుపుకోలేదు. మిగిలింది ఐస్ మీద పడింది.

ముగ్గురం అలాగే నిలబడ్డాం. నా మేనకోడలు చేతులు జాకెట్ జేబుల్లో పెట్టుకుని ఆ వైపే చూస్తోంది. చలికి తట్టుకోలేక చివరికి కారెక్కాం. అన్నయ్య కారు వెనక్కి తిప్పుతుంటే అద్దంలోంచి చూశాను. తెల్లటి ఐస్ మీద అరచేతులు రెండూ పరిచినంత మేర బూడిద, పడ్డ చోటే ఉంది. చుట్టూ ఎంత దూరం చూసినా నీళ్లు లేవు.